పక్కింటి చెట్ల కంచె వల్ల ఇంట్లోకి ఎండ రావడం లేదు. ఎత్తు తగ్గించమని ఎలా అడగాలి?

దక్షిణపు కిటికీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఈ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్లయింది. ఇంటికి దక్షిణాన పక్కవాళ్ల పెరడు ఉంది, రెండు స్థలాలకూ మధ్య నడుమెత్తు గోడ ఉంది. ఏడేళ్ల క్రితం వాళ్లు ఆ గోడకు అవతల, దాని పొడవునా, పద్ధెనిమిది లేలాండ్ సైప్రస్ (కంచెగా పెంచే సతత హరిత చెట్టు) మొక్కలను వరసగా నాటారు. అప్పుడవి మా అబ్బాయి భుజం దాకా ఉండేవి. చూడముచ్చటగా ఉన్నాయని నేనే మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు వాటి మధ్య చెయ్యి దూర్చే సందు లేదు, ఎత్తేమో మా ఇంటి చూరును ఎప్పుడో దాటిపోయింది.

మాది ఒక్క అంతస్తు ఇల్లు. ముందుగది, వంటిల్లు, అత్తయ్యగారి గది, ఈ మూడింటి కిటికీలూ ఆ వైపే ఉన్నాయి. వేసవిలో సూర్యుడు బాగా పైకి వస్తాడు గనుక ఇబ్బంది తెలియదు. చలికాలం మొదలైతే మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు కూడా చెట్ల తలలు దాటి పైకి రాడు. వంటింట్లో పట్టపగలు దీపం వేసుకుని పనిచేసుకుంటున్నాను. అత్తయ్యగారి గదిలో కిటికీ కింది గోడకు చెమ్మ పట్టి, బీరువా వెనక నల్లగా బూజు వచ్చింది. ఆవిడకు ఎండ ఎటు జరిగితే అటు కుర్చీ జరుపుకుని కూర్చోవడం అలవాటు. కిందటి చలికాలంలో పదకొండు గంటల వేళ రెండు చెట్ల నడుమ నుంచి జానెడు వెడల్పు ఎండ చార ఒకటి నేల మీద పడేది. ఆవిడ అందులో పాదాలు పెట్టుకుని కూర్చునేవారు, పావుగంటకల్లా అది మంచం కోడు దాకా జరిగి మాయమయ్యేది. ఈ ఏడాది ఆ సందు కూడా పూడిపోయింది.

పక్కింటి ఆయనతో నేను ఒక్కసారే మాట్లాడాను. ఆ చెట్లు కొట్టించెయ్యండి, మా ఇల్లు చీకటి గుహ అయిపోయింది అన్నాను. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చిందని ఒప్పుకుంటున్నాను. ఆయన, "మా స్థలంలో మా చెట్లండీ" అని లోపలికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఎదురుపడినా పలకరింపు లేదు. మావారు వకీలు చేత నోటీసు ఇప్పిద్దామంటున్నారు. మా మరిది అయితే రాత్రిపూట వేళ్లలో ఏదైనా పోస్తే సరిపోతుందంటున్నాడు. అతను వేళాకోళానికి అన్నాడో నిజంగానే అన్నాడో నాకు తెలియదు.

నేను తెలుసుకోదలచినవి ఇవి. ఇంట్లోకి వచ్చే వెలుతురు మీద మనకు చట్టరీత్యా హక్కు ఏమైనా ఉంటుందా? మా వైపు వంగిన కొమ్మలను మేమే కత్తిరించుకోవచ్చా? అన్నిటికీ మించి, ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాలంటే ఏమని అడగాలి?

కొలతబద్ద

మీ ప్రశ్నలో కిటికీలు, గదులు, బూజు అన్నీ ఉన్నాయి గానీ ఒక్క కొలత లేదు. "మా ఇల్లు చీకటైపోయింది" అన్న మాటకు "ఏమీ కాలేదే" అని బదులు చెప్పడం సులువు. కంచె ఆరు మీటర్లుంది, కిటికీ ఏడు మీటర్ల దూరంలో ఉంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మధ్యాహ్నపు ఎండ పడదు అంటే అంత సులువుగా కొట్టిపారెయ్యలేరు. కాబట్టి ముందు కొలవండి.

ఎత్తు కొలవడానికి చెట్టెక్కనక్కర్లేదు. నిలబెట్టిన కర్ర నీడను, చెట్టు నీడను పోల్చి ఎత్తు లెక్కగట్టే పద్ధతి చాలామందికి తెలుసు గానీ మీ విషయంలో అది పనికిరాదు, ఎందుకంటే చెట్టు నీడ నేల మీద పూర్తిగా పడకుండానే మీ గోడ ఎక్కేస్తుంది. దానికి బదులు ఒక చతురస్రపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడవండి. వచ్చిన త్రిభుజపు పొట్టి అంచుల్లో ఒకదాన్ని నేలకు సమాంతరంగా, కంటి ఎత్తులో పట్టుకుని, ఏటవాలు అంచు వెంబడి చూస్తూ వెనక్కి నడవండి. చెట్టు తల సరిగ్గా ఆ అంచు కొసన కనిపించిన చోట ఆగి, అక్కడి నుంచి చెట్టు మొదలు దాకా ఉన్న దూరానికి మీ కంటి ఎత్తును కలిపితే చెట్టు ఎత్తు వచ్చేస్తుంది. నేల సమతలంగా ఉంటే పెద్దగా తేడా రాదు.

ఇక సూర్యుడి సంగతి. ఉత్తరార్ధగోళంలో కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఏ చోటైనా డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు కోణం తెలియాలంటే, 90 నుంచి ఆ చోటి అక్షాంశాన్నీ మరో 23.4నీ తీసెయ్యాలి. రేఖకు దక్షిణాన, భూమధ్యరేఖ దాకా కూడా చలికాలానికి ఇదే లెక్క. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఇది 49.6 డిగ్రీలు, అంటే నీడ చెట్టు ఎత్తు కంటే తక్కువే ఉంటుంది. 52 డిగ్రీల దగ్గర 14.6 డిగ్రీలే, అంటే నీడ చెట్టు ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు సాగుతుంది. ఒకే కంచె ఒకచోట అందం, మరొకచోట తగాదా కావడానికి కారణం ఇక్కడుంది. మీరు చెప్పిన దాన్నిబట్టి మీ ఊరు రెండో కోవలోకి వస్తుందనుకుంటున్నాను.

ఉదాహరణకు అక్షాంశం 52, కంచె ఎత్తు 6 మీటర్లు, కంచెకూ కిటికీకీ మధ్య దూరం 7 మీటర్లు, కిటికీ నడిమి భాగం నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉందనుకుందాం. అప్పుడు సూర్యుడు సుమారు 33 డిగ్రీల కంటే పైకొస్తే తప్ప కిటికీ నడిమికి ఎండ తగలదు. అంటే అక్టోబరు మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా, అయిదు నెలల పాటు, మధ్యాహ్నపు ఎండ మీ గదిలోకి రాదు. కంచెను నాలుగున్నర మీటర్లకు దించితే ఆ చీకటి నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా, మూడు నెలలకు తగ్గుతుంది. మూడు మీటర్లకు దించితే కావలసిన కోణం 12 డిగ్రీలే గనుక, సంవత్సరంలో అతి చిన్న పగటినాడు కూడా అత్తయ్యగారి కుర్చీ దాకా ఎండ వస్తుంది.

బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులను తూచడానికి బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే భవన పరిశోధన సంస్థ తయారుచేసిన లెక్క ఒకటి ఉంది. కిటికీకి ఎదురుగా ఉన్న కంచె అయితే, ఆ రెంటి మధ్య దూరంలో సగానికి ఒక మీటరు కలపాలి. కంచె అంతకు మించితే వెలుతురుకు అడ్డమని భావిస్తారు. మీ ఏడు మీటర్లకు ఇది నాలుగున్నర అవుతుంది. తోట భాగానికి వేరే లెక్క ఉంది, కంచె దక్షిణాన ఉన్నప్పుడు అది ఇంకా కఠినంగా ఉంటుంది, రెంటిలో తక్కువ ఎత్తునే తీసుకుంటారు. అయితే కిటికీ సూత్రం చూసేది ఆకాశం నుంచి వచ్చే వెలుతురును. చలికాలపు నేరు ఎండను కాదు. నాలుగున్నర దగ్గర గదిలో దీపం లేకుండా చదువుకోగలరేమో గానీ, డిసెంబరులో పాదాల మీద ఎండ మాత్రం పడదు. మీకు కావలసింది ఏదో ముందు మీరే తేల్చుకోండి, ఎందుకంటే అడగవలసిన ఎత్తు దాన్నిబట్టి మారుతుంది.

నెలనెలా ఒకే తేదీన, ఒకే గంటకు, గదిలో ఒకేచోట నిలబడి ఫొటో తీసి పెట్టుకోండి. ఖర్చు లేని సాక్ష్యం.

కాగితాల పెట్టె

మీరు ఏ దేశంలో ఉన్నదీ రాయలేదు గనుక మీ హక్కు ఇదీ అని ఒక్కమాటలో చెప్పలేను. అయితే లోకంలో దీనికి చట్టాలు రెండు తోవల్లో నడిచాయి, మీది ఏ తోవో చూసుకుంటే మిగిలింది సులువు.

మొదటిది పాత తోవ, దీర్ఘకాలపు అనుభవం వల్ల వచ్చే హక్కు. భారతదేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ (పక్క స్థలం మీద ఉండే అనుభవ హక్కుల) చట్టం 15వ సెక్షను ప్రకారం ఒక భవనంలోకి వెలుతురు, గాలి 20 ఏళ్లపాటు అంతరాయం లేకుండా, వివాదం లేకుండా వస్తూ ఉంటే అది హక్కుగా స్థిరపడుతుంది. ఇంగ్లండులో 1832 నాటి ప్రిస్క్రిప్షన్ చట్టం కూడా 20 ఏళ్ల గడువే పెట్టింది. ఈ తోవలో మూడు చిక్కులున్నాయి. హక్కు భవనపు కిటికీలకే గానీ ఖాళీ స్థలానికి, తోటకు రాదు. వెలుతురు కాస్త తగ్గిందంటే చాలదు, ఇంట్లో ఉండేవారి సౌఖ్యానికి గట్టి భంగం కలిగిందని చూపించాలి. 1904లో ఇంగ్లండులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కోల్స్ కేసులో చెప్పిన సారాంశం కూడా ఎంత పోయిందన్నది కాక, మిగిలింది మామూలు అవసరాలకు సరిపోతుందా లేదా అన్నది చూడాలనే. మూడోది మీకు నేరుగా తగిలేది: మీరు వచ్చి పదకొండేళ్లేనన్నారు. మీకు ముందున్న వాళ్ల కాలాన్ని కూడా కలుపుకోవచ్చు గానీ, ఆ కిటికీలు అప్పటి నుంచీ అక్కడే ఉన్నాయని చూపించుకోవలసి ఉంటుంది. ఒకమాట, భారత చట్టంలో 36వ సెక్షను ఉంది: హక్కు ఉన్నవారైనా సరే, దానికి కలిగిన అడ్డంకిని తమంతట తాము తొలగించకూడదు, కోర్టు ద్వారానే పోవాలి.

రెండో తోవ కొత్తది, చెట్ల కంచెల కోసమే చేసిన చట్టాలు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 నాటి యాంటీ సోషల్ బిహేవియర్ చట్టంలోని ఎనిమిదో భాగం ఇందుకోసమే. ఇంగ్లండులో అది 2005 జూన్ 1న అమల్లోకి వచ్చింది. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ సతత హరిత చెట్లు వరసగా ఉండి, రెండు మీటర్లకు మించి పెరిగి, వెలుతురుకు అడ్డంగా నిలిచి, పక్కింటివారు తమ ఇంటిని సాఫీగా అనుభవించడానికి భంగం కలిగిస్తుంటే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. ఇక్కడ 20 ఏళ్ల నియమం లేదు, తోట కూడా లెక్కలోకి వస్తుంది. కానీ ముందు సామరస్యంగా పరిష్కరించుకోవడానికి తగిన ప్రయత్నం చెయ్యలేదని తోస్తే కౌన్సిల్ ఫిర్యాదును విచారించకుండానే పక్కన పెట్టవచ్చు, కాబట్టి ఇప్పటి నుంచే రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకోవాలి. ఉత్తర్వు వచ్చినా కంచెను రెండు మీటర్ల కిందికి తగ్గించమని గానీ, పూర్తిగా తీసెయ్యమని గానీ చెప్పే అధికారం కౌన్సిల్‌కు లేదు. ఇల్లు చేతులు మారినా ఆ ఉత్తర్వు కొత్త యజమానికి వర్తిస్తుంది.

ఉత్తర ఐర్లండు 2011లో, స్కాట్లండు 2013లో విడిగా చట్టాలు చేసుకున్నాయి. స్కాట్లండు చట్టంలో సతత హరిత చెట్లే కావాలన్న నియమం లేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 2006లో చేసిన చెట్ల వివాదాల చట్టానికి 2010లో ఎత్తయిన కంచెల భాగాన్ని చేర్చింది. అక్కడ కొలత రెండున్నర మీటర్లు, ఇంటి కిటికీకి ఎండ తీవ్రంగా తగ్గి ఉండాలి. ఫ్రాన్సు సివిల్ కోడ్ అసలు నాటేటప్పుడే పట్టుకుంటుంది: స్థానిక నిబంధన గానీ ఆచారం గానీ లేనిచోట, రెండు మీటర్లు మించి పెరిగే చెట్టు సరిహద్దుకు కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అమెరికాలో సాధారణంగా వెలుతురు మీద హక్కే లేదు. 1959లో ఫ్లోరిడా కోర్టు ఫౌంటెన్‌బ్లూ హోటల్ కేసులో, పక్క హోటలు ఈతకొలను మీద నీడ పడేలా అంతస్తులు కట్టుకున్నా ఆపలేమని తేల్చింది. ఎక్కడైనా సరే, ఇంటి కాగితాల్లో మొక్కల ఎత్తు మీద షరతు ఏదైనా ఉందేమో ఒకసారి చదువుకోండి. చాలామంది కొన్ననాడు సంతకం పెట్టి మళ్లీ విప్పి చూడరు.

కొమ్మల సంగతి. ఇంగ్లండు సంప్రదాయాన్ని అనుసరించే చాలా చోట్ల, సరిహద్దు దాటి మీ వైపు వచ్చిన కొమ్మలను సరిహద్దు గీత వరకు మీరే కత్తిరించుకోవచ్చు. 1895 నాటి లెమన్ వర్సెస్ వెబ్ తీర్పు దీనికి ఆధారం. వాళ్ల స్థలంలో కాలు పెట్టకూడదు, గీత దాటి కొయ్యకూడదు, కోసిన కొమ్మ చెట్టు యజమానిదే. ముఖ్యంగా ఈ హక్కు పక్క కొమ్మలకే గానీ చెట్టు తలకు వర్తించదు, మీ ఎండను ఆపుతున్నదేమో తలే. వకీలు నోటీసును ఇప్పుడే పంపవద్దని నా సలహా. అది అందిన రోజు నుంచి ఆయన మీతో కాక తన వకీలుతో మాట్లాడతారు.

గోడకు అవతలి మనిషి

నేను కంచె ఉన్నవాణ్ణి. ఇక్కడ నా మాట ఎవరికీ రుచించకపోవచ్చు, అయినా దక్షిణపు కిటికీ గారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా పక్కవాళ్లు మేడ వేశారు. మేడమెట్ల మలుపులో పెట్టిన కిటికీ నేరుగా మా పెరట్లోకి చూస్తుంది. మా ఆవిడ బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లినా ఎవరో ఒకరు అక్కడ నిలబడి ఉన్నట్టే ఉండేది. కావాలని చూసేవారని నేననను, మెట్లెక్కే మనిషి కళ్లు మూసుకుని ఎక్కలేడు. మేము చెట్లు నాటాం. పెరిగాయి. పెరిగేకొద్దీ మాకు నిశ్చింతగా ఉంది, వాళ్ల కింది గదికి ఎండ పోయింది. ఆ రెండో సంగతి మాకు నిజంగా తెలియదు. చెట్టుకు రెండు ముఖాలుంటాయి, నాటినవాడికి ఎండ పడే ముఖమే కనబడుతుంది.

ఆయన మొదటిసారి వచ్చి, నరికించెయ్యండి అన్నాడు. మీరు అన్నట్టే. నేనూ మీ పక్కింటాయన అన్నట్టే అన్నాను. నరికెయ్యమంటే నాకు వినబడింది చెట్ల మాట కాదు, మళ్లీ ఆ కిటికీ ముందు బతకమన్న మాట. ఏడాది పాటు మాటల్లేవు. తర్వాత ఒకరోజు ఆయన తలుపు తట్టి, "ఒక్క అయిదు నిమిషాలు మా ఇంటికి వచ్చి కూర్చుంటారా, ఏమీ అడగను" అన్నాడు. వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండు గంటలు. ఆ గదిలో ఆయన కూతురు పరీక్షకు చదువుకుంటోంది, బల్ల మీద దీపం వెలుగుతోంది, కిటికీ నిండా నా చెట్ల వెనక వైపు, ఎండు పుల్లలతో, గోధుమరంగులో కనిపిస్తోంది. మా వైపు నుంచి అంత పచ్చగా ఉండే కంచె అది. ఆయన మాట ప్రకారం ఏమీ అడగలేదు. నేనే అడిగాను, ఎంత ఎత్తయితే మీకు సరిపోతుందని.

అప్పుడు తేలిందేమంటే, ఆ మెట్ల కిటికీని కప్పడానికి నాకు కావలసిన ఎత్తు ఆ ఒక్క చోటే కావాలి. మిగతా వరసంతా మూడు మీటర్లుంటే చాలు. ఆ నాలుగు చెట్లను ఉంచి మిగిలినవి దించాం. ఖర్చు చెరి సగం పెట్టుకున్నాం, ఆయనే అడిగి మరీ ఇచ్చాడు. తర్వాత ఏటా కత్తిరించే ఖర్చు నాదే, అదీ కాగితం మీద రాసుకున్నాం.

మీ ఇల్లు ఒక్క అంతస్తేనన్నారు. మీ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి రెండు మీటర్ల లోపే ఉంటుంది. నేలలో ఎత్తుపల్లాలు లేకపోతే, మీ చూపు నుంచి వాళ్ల పెరటిని దాచడానికి రెండున్నర, మూడు మీటర్ల కంచె ధారాళంగా సరిపోతుంది, ఆ పైనున్నదంతా వాళ్లకు దేనికీ పనికిరాని ఆకు. ఈ మాట మీరు వాదనలా చెప్పకండి. వాళ్లు దేన్ని దాచుకోవాలనుకుంటున్నారో ముందు అడగండి. వాళ్ల జవాబు మీ ఇంటి వైపు చూపు గురించే అయితే మూడు మీటర్ల మాట దానంతటదే వస్తుంది. ఇంకేదో కారణమైతే అది తెలియకుండా మీరు ఎన్ని కొలతలు చూపినా ఆయన ఒప్పుకోరు.

పాత తోటమాలి

పైన అందరూ ఎత్తు గురించే మాట్లాడారు, చెట్టు గురించి ఒకరు చెప్పాలి గదా.

లేలాండ్ సైప్రస్ అడవిలో పుట్టిన చెట్టు కాదు. ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఒకదానికొకటి చాలా దూరంగా పెరిగే మాంటెరీ సైప్రస్, నూట్కా సైప్రస్ అనే రెండు జాతులు వేల్స్‌లోని లైటన్ హాల్ తోటలో పక్కపక్కన ఉండి సంకరమై, 1888లో ఇది పుట్టింది. సంకరజాతి చురుకు దీనిది. నాటుకున్నాక ఏడాదికి ముప్పాతిక మీటరు నుంచి మీటరు దాకా పెరుగుతుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. కంచెకు అందరూ దీన్నే కొనేది ఆ చురుకు చూసే, తగాదాలు వచ్చేదీ ఆ చురుకు వల్లే.

దీన్ని కత్తిరించడంలో ఒక ప్రమాదం ఉంది. ఆకు లేని, గోధుమరంగు తిరిగిన పాత కొయ్యలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. శంఖాకార చెట్లలో యూ అనే చెట్టు లాంటివి కొన్ని తప్ప చాలావాటి స్వభావం ఇదే. కాబట్టి మీ వైపు వచ్చిన కొమ్మలను హక్కు ఉంది కదా అని గోడ దాకా బోడిగా కోస్తే, ఏళ్ల తరబడి మీరు చూడవలసింది ఎండు పుల్లల గోడనే. పక్కలు ప్రతి ఏటా పచ్చదనం ఉన్నంత వరకే పైపైన కత్తిరించుకోవాలి. తల దించడానికి మాత్రం ఇబ్బంది లేదు, పక్కల పచ్చగా ఉంటే పైన కోసిన చోటు క్రమంగా కప్పుకుంటుంది. అయితే ఆరు మీటర్ల చెట్టును ఒక్కదెబ్బన మూడుకు తెస్తే తట్టుకోకపోవచ్చు. ఒక విడతలో మూడో వంతుకు మించి తియ్యకుండా, రెండు మూడు విడతలుగా దించాలి. మూడు మీటర్లు కావాలంటే మొదట కావలసినదానికంటే కాస్త కిందికే కోయించండి, ఏడాది తిరిగేసరికి పెరిగేది కలుపుకుని లెక్క సరిపోతుంది. పక్షులు గూళ్లు పెట్టే రుతువులో ముట్టుకోవద్దు, చాలా దేశాల్లో గూడున్న కంచెను కదిలించడం నేరం.

మీ మరిదిగారి సలహా వేళాకోళమే అయితే బాగుండును. వేళ్లలో మందు పోస్తే అది ఆ ఒక్క చెట్టు దగ్గరే ఆగదు, మీ మొక్కలకూ పాకుతుంది. చెట్లు వరసగా ఎండిపోతే అనుమానం ఎవరి మీదికి వస్తుందో వేరే చెప్పాలా? పైగా ఎండిన కంచె కూడా నిలబడే ఉంటుంది, నీడ దాదాపు అంతే పడుతుంది, కత్తిరించమని అడిగే ముఖం మాత్రం మీకుండదు. ఇంకొకటి, మీది బంకమట్టి నేల అయితే పెద్ద చెట్లను ఒక్కసారిగా తీసెయ్యడం కూడా మంచిది కాదు. అవి పీల్చే నీరు నేలలో నిలిచి మట్టి ఉబ్బి, దగ్గరున్న పునాదులు కదిలే వీలుంది. తీసెయ్యమనడం కంటే దించమనడమే మీ గోడలకూ క్షేమం.

దక్షిణపు కిటికీ

రాసిన అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

మడిచిన కాగితం పట్టుకుని నేను వెనక్కి నడుస్తుంటే మా అబ్బాయి టేపు పట్టుకున్నాడు. 4.6 మీటర్ల దగ్గర తల అంచుకు వచ్చింది, నా కంటి ఎత్తు 1.45. అంటే కంచె ఎత్తు ఆరు మీటర్ల అయిదు సెంటీమీటర్లు. అత్తయ్యగారి కిటికీకి దూరం ఏడు మీటర్లు. మా అక్షాంశం కూడా మీరు ఉదాహరణకు తీసుకున్నదానికి దగ్గరగానే ఉంది.

ఇంటి కాగితాలు చూశాం, మొక్కల గురించి ఏమీ లేదు. మావారిని నోటీసు మాట కొన్నాళ్లు ఆపమన్నాను. పక్కింటి ఆవిడకు నేను చిన్న ఉత్తరం రాశాను. ఆ రోజు నా మాట కటువుగా వచ్చిందని, చెట్లు తీసెయ్యమని ఇకపై అడగనని, ఒకసారి వచ్చి మా అత్తయ్యగారిని పలకరించి వెళ్లమని మాత్రమే రాశాను. నాలుగు రోజులు చప్పుడు లేదు. అయిదో రోజు ఇద్దరూ వచ్చారు. అత్తయ్యగారు ఆయనతో చెట్ల ఊసే ఎత్తలేదు, మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. ఆవిడకు ఆ సంగతి ఎలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గదిలో దీపం వైపు, కిటికీ వైపు రెండుసార్లు చూశారు.

ఎందుకు నాటారని నేనే అడిగాను. మా ఇంటి వైపు చూపు కోసం కాదట. వాళ్ల పెరటికి ఆవల ఉన్న రోడ్డు మీది దీపం రాత్రంతా మా తెల్లటి గోడ మీద పడి, తిరిగి వాళ్ల పడకగదిలోకి కొడుతుందట. ఇది నేను కలలో కూడా ఊహించని కారణం. ఈ ముక్క తెలియకుండా మూడు మీటర్ల మాట ఎత్తి ఉంటే ఆయన తప్పకుండా కాదనేవారు. ఆ గోడకు ముదురు రంగు వేయిస్తామని మావారు అక్కడికక్కడే చెప్పారు.

ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం ఇది: గూళ్ల కాలం దాటాక ఈ ఏడాది నాలుగు మీటర్లకు దించుతారు, గోడకు రంగు వేశాక వాళ్లకు రాత్రి వెలుగు తగ్గితే వచ్చే ఏడాది మూడుకు దించుతారు. మనుషుల కూలి చెరి సగం. ఏటా కత్తిరించే బాధ్యత ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు, ఆయన ఆ మాట దాటవేశారు. కొలతబద్ద గారూ, నాలుగు మీటర్ల దగ్గర మాకు ఎండ ఎప్పటి దాకా రాదో చెప్పగలరా?

కొలతబద్ద

నాలుగు మీటర్లకు కావలసిన కోణం ఇరవై డిగ్రీల లోపే. నవంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా మధ్యాహ్నపు ఎండ రాదు. అయిదు నెలలు ఉన్నది రెండు నెలల పైచిలుకుకు వస్తుంది. అయితే ఇది కోసిన రోజు లెక్క. తోటమాలి గారు చెప్పినట్టు ఏటా ముప్పాతిక మీటరు పెరిగితే, ఒక్క ఏడాది కత్తిరించడం మానేసినా మీరు మళ్లీ నాలుగున్నర దాటిపోతారు. ఆ దాటవేసిన మాటను రంగు డబ్బా తెరవకముందే కాగితం మీద పెట్టించుకోండి.